డెల్టానుండి డెల్టాకు

యాత్ర అనగానే మనవారికి కాశి జ్ఞాపకం వస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నంనుండి పల్లకీతో, పరివారంతో బయలుదేరి కాశికి పోయి, మరుసటి సంవత్సరం తిరిగివచ్చినాడు. ఏ ఊళ్ళో ఏ సరుకులు దొరుకుతవో, ఏ నదిని ఎట్లా దాటవలెనో, ఎక్కడి జనులు ఎట్లా బ్రతుకుతున్నారో పూసగ్రుచ్చినట్లు వ్రాసిపెట్టినాడు. ఆయన గంగలో మునిగిన సంగతికంటె ఆ వివరాలకోసమే ఈనాడు మనం ఆ పుస్తకం తెరుస్తున్నాము.

నేటి విద్యార్థి యాత్రికునికి పల్లకీ లేదు, పరివారం లేదు. వీపున ఒక సంచి, అంతే. విదేశాలలో చదువుకొనే మన పిల్లలు సెలవులు రాగానే ఆ సంచి తగిలించుకొని, వారం రోజులలో నాలుగైదు దేశాలు చుట్టివస్తున్నారు. ఈఫిల్ గోపురం ముందు ఒక ఫొటో, ఆల్ప్స్ మంచుమీద మరొక ఫొటో. (ఆ మంచుకొండలను మన సినిమా పాటలలో ఇదివరకే అనేక పర్యాయాలు చూచి ఉన్నారు గనుక, అక్కడ కొత్తగా చూడవలసినది కొంత తక్కువే.) నేను వారిని తప్పుపట్టను. ఆ వయస్సులో కాళ్ళకున్న తొందర కళ్ళకు ఉండదు. అయితే మా పూర్వవిద్యార్థి ఒకడు ఇటీవల చేసిన వారంరోజుల యాత్ర ఇంకొక తీరుది. దానిని ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ చెప్పదగినదని తోచి ఇది వ్రాస్తున్నాను.

అతడు రాజోలు ప్రాంతపు కుర్రవాడు. ఇంటర్మీడియేటులో నావద్ద తెలుగు చదివినాడు. కాకినాడలో సివిల్ ఇంజనీరింగు ముగించి, ప్రస్తుతం నెదర్లాండ్సు దేశంలో డెల్ఫ్టు అనే ఊళ్ళో జలశాస్త్రం చదువుతున్నాడు. 1957లో అక్కడ ప్రారంభమైన ఒక సంస్థ నానాదేశాల విద్యార్థులకు నీటిపారుదలా వరదల నివారణా నేర్పుతుంది. మొన్నటి వసంతకాలపు సెలవులలో తోడివారందరూ పారిస్ ప్రయాణం కట్టగా, ఇతడు మాత్రం ఆ దేశంలోనే గట్లవెంట తిరుగుతానన్నాడట. నవ్వినారట. ఏడు రోజులు తిరిగివచ్చి నాకొక ఉత్తరం వ్రాసినాడు. ఉత్తరమంటే ఈకాలపు ఈమెయిలే. అయినా తెలుగులోనే, అచ్చువేసి చూస్తే పదునాలుగు పుటలు.

సంచిలో రెండు జతల బట్టలు, వానకోటు, ఆవకాయ సీసా, ఇంటినుండి వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు. బసలో ఎవరైనా ఆదరిస్తే వారికి ఇత్తామని పూతరేకులు పెట్టుకొన్నాడు. రెండవనాటికే అవి నలిగి పొడియైనవి. ఆ పొడినే ఒక వృద్ధదంపతులకు చెంచాతో పెట్టినాడు. వారు తిని, ఇది ఏ ధాన్యమని అడిగినారట.

మొదట చూచినది రాటర్‌డాం దాపున కిండర్‌డైక్. అక్కడ 1740 ప్రాంతాన కట్టిన గాలిమరలు వరుసగా పంతొమ్మిది ఉన్నవి. గాలిమర అంటే మనం పిండిమర అనుకొంటాము. ఇవి నీరు తోడే మరలు. ఆ దేశంలో సుమారు నాలుగవవంతు భూమి సముద్రమట్టానికి దిగువన ఉన్నది. అక్కడ పడిన వాన తనంతట తాను బయటికి పోలేదు. గాలికి రెక్కలు తిరిగితే వాటితోపాటు క్రిందనున్న చక్రం తిరిగి, పల్లపు కాలువలోని నీటిని మెరక కాలువలోనికి ఎత్తుతుంది. అక్కడనుండి అది నదిలో పడుతుంది. ఇప్పుడు ఆ పని పంపులు చేస్తున్నవి గాని, మరలను మాత్రం చెడిపోనీయలేదు. కొన్నిటిలో నేటికీ సంసారాలు కాపురమున్నవి.

“మాష్టారూ, మనం నీటిని పిలుచుకొన్నవాళ్ళం, వీళ్ళు నీటిని సాగనంపేవాళ్ళు” అని వ్రాసినాడు. మాట బాగున్నది గాని సగమే నిజం. ధవళేశ్వరంవద్ద 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ఆనకట్ట కట్టించి నీటిని పిలిచిన మాట వాస్తవమే. పిలిచిన నీటిని సాగనంపకపోతే ఏమవుతుందో మన పల్లపు గ్రామాల రైతులను అడగండి. 2011లో కోనసీమ రైతులు సార్వా ఊడ్పులు మాని పంటవిరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధర లేకపోవుటతోపాటు వారు చెప్పుకొన్న బాధలలో ముంపు ఒకటి. కాలువ త్రవ్వించినవానికి ఊరూరా విగ్రహమున్నది. మురుగుకాలువ పూడిక తీసేవానికి ఎవ్వరూ దండ వేయరు. డచ్చివారి పద్ధతి వేరు. గట్లకూ మురుగుకూ బాధ్యత వహించే జలమండలులు వారికి పదమూడవ శతాబ్దినుండి ఉన్నవి. ఇప్పుడవి ఇరవైయొకటి. వాటికి ఎన్నికలున్నవి, సొంత పన్నున్నది. మనకును 1997లో నీటిసంఘాల చట్టం వచ్చినది. చట్టం వచ్చిన తరువాత ఏ ఊరి సంఘం ఎన్నిసార్లు కూడినదో మన పిల్లలచేత కనుక్కొనిపించితే మంచి పౌరశాస్త్ర పాఠమవుతుంది.

అక్కడనుండి ఉత్తరానికి పోయినాడు. 1932లో పూర్తియైన ముప్పదిరెండు కిలోమీటర్ల అడ్డుకట్టను బస్సులో దాటినాడు. ఒకవైపు ఉప్పునీరు, ఒకవైపు మంచినీరు. దాటితే ఫ్రీస్లాండు, దాని ముఖ్యపట్టణం లేవార్డెన్. వర్షం పడుతున్నదని అక్కడి మ్యూజియంలో దూరినాడు.

అందులో కనబడినవి మన బట్టలు. మనవారు చీటిగుడ్డ అన్నదానినే డచ్చివారు సిట్స్ అన్నారు. 1602లో ఏర్పడిన వారి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం మొదలైనచోట్ల స్థావరాలు పెట్టి ఈ తీరంనుండి నూలుగుడ్డలు కొన్నది. చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని రంగులు. వాటిమీద ఆ చలిదేశపు స్త్రీలు మోజుపడినారు. హిండెలోపెన్ అనే చిన్న రేవుపట్నపు ఆడవారి సంప్రదాయపు అంగీలలో ఈ గుడ్డ ప్రసిద్ధి. 1825లో పాలకొల్లు, జగన్నాథపురం, భీమునిపట్నం ఇంగ్లీషువారి వశమైనవి, డచ్చివారు వెళ్ళిపోయినారు, గుడ్డలు మాత్రం వారి పెట్టెలలో మిగిలినవి. పాలకొల్లు అతని మేనమామగారి ఊరు. అద్దాల బీరువాముందు చాలాసేపు నిలుచున్నాడట. క్రింది చీటిమీద ‘కోరమాండల్ తీరం’ అనియు, శతాబ్దియు ఉన్నవి. ఊరు లేదు. కలం పట్టినవాని పేరు లేదు.

తరువాత దక్షిణాన జీలాండు. ఇక్కడ మా కుర్రవాడు కొంత పరవశుడైనాడు. నేను కొంచెం అడ్డుపడవలెను. డచ్చివారు పుట్టుకతోనే నీటి విద్య తెలిసినవారు కారు. గట్లు చాలినంత ఎత్తు లేవని యోహాన్ ఫాన్ వేన్ అనే ప్రభుత్వ ఇంజనీరు ముందునుండి హెచ్చరిస్తూనే ఉన్నాడు. ఖర్చుకు వెనుకాడినారు. 1953 జనవరి 31 రాత్రి తుపానూ పోటూ ఏకమై గట్లు తెగినవి. ఆ దేశంలో 1,836 మంది మరణించినారు. పెద్ద పనులు ఆ తరువాతనే మొదలైనవి. తూర్పు షెల్ట్ పాయను పూర్తిగా మూసివేయవలెనని మొదట సంకల్పించినారు. ఉప్పునీరు పోతే ఆల్చిప్పలూ పోతవి, మా బ్రతుకులూ పోతవి అని బెస్తవారు ఎదురు తిరిగినారు. ప్రకృతి ప్రేమికులు వారితో కలిసినారు. ప్రభుత్వం దిగివచ్చి, అరువదిరెండు ఉక్కు తలుపులతో వేరొక కట్టడం కట్టినది. అవి ఎప్పుడూ తెరిచియుంటవి. సముద్రం పొంగే సూచన ఉన్ననాడు మాత్రమే దించుతారు. ఖర్చు ఎంతో పెరిగినది. బెస్తల మాట నిలిచినది.

ఆ కట్టడం ప్రారంభమైనది 1986 అక్టోబరులో. అదే సంవత్సరం ఆగస్టులో ధవళేశ్వరంవద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు మించి పారి, డెల్టాలో గట్లను తెంచినది. నేనప్పుడు కళాశాల విద్యార్థిని. గట్టుమీద ఇసుకబస్తాలు మోసినవారిలో ఒకణ్ణి. ఆ బరువు నా భుజం ఇంకా మరువలేదు.

యాత్రలో చివరిది ఔవర్‌కెర్క్ గ్రామంలోని వరద మ్యూజియం. 1953లో తుదిగండిని పూడ్చుటకు ముంచిన నాలుగు కాంక్రీటు పెట్టెలలోనే దానిని నెలకొల్పినారు. అక్కడ ఆ రాత్రి మరణించినవారి పేర్లు చూపుతారు. ఒక్కొక్కటిగా, అందరివీ. అతడు కూర్చుండి చదివినాడు. భాష రాదు గాని, పేరు పేరే గదా. ఒకే ఇంటిపేరు వరుసగా వచ్చినప్పుడు అది ఒక కుటుంబమని తెలిసినదట.

ఆ రాత్రి బసకు చేరి నాయనమ్మకు ఫోను చేసినాడు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమమీద విరుచుకుపడిన తుపాను నాటికి అతడు పుట్టలేదు. కొబ్బరితోటలు కూలిన సంగతి, వేయిమందికి పైగా పోయిన సంగతి పుస్తకాలలో చదివినాడు. తాత తోట పోయినదని ఇంట విన్నాడు. మనుష్యులను గురించి ఎన్నడూ అడుగలేదు. “మన ఊళ్ళో ఎవరెవరు పోయారు, నాయనమ్మా?” అంటే, ఇన్నేళ్ళకు ఇదేమి ప్రశ్నరా అని మొదట కసరినదట. తరువాత వీధి మొదటినుండి ఇంటింటి వరుసను చెప్పుకొంటూ వచ్చినది. అతడు నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాడు.

పదునాలుగురు లెక్కకు వచ్చినారు. పన్నెండుగురికి పేర్లున్నవి. మిగిలిన ఇద్దరు రొయ్యల చెరువులమీద కూలికి వచ్చినవారు, భార్యాభర్తలు. ఏ ఊరివారో ఆమెకు తెలియదు. ఆ చెరువు అప్పటి కామందు ఇంకా ఉన్నాడనీ, వీలైతే కనుక్కొనవలసినదనీ ఉత్తరం చివర నన్ను కోరినాడు. వచ్చే ఆదివారం రాజోలు వెళ్ళుతున్నాను.