మస్టర్‌కు చిక్కని న్యూట్రాన్‌

- ‘హెరా’ ప్రయోగాల్లో తేలిన లెక్క

ముంబై: కామాటిపుర పేరులోనే మనోళ్ల చెమట ఉంది. తెలంగాణ పల్లెల నుంచి వలస వచ్చి ఈ నగరానికి రాళ్లెత్తిన కామాటీల పేరే ఇక్కడి గల్లీలకు నిలిచింది. అడ్డా మీది మేస్త్రీ ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతాడు: పొద్దున వచ్చినోళ్లంతా సాయంత్రం మస్టర్‌లో తేలాలి. అణువు లోపలి గుట్టు విప్పే శాస్త్రవేత్తలదీ అదే తంటా.

జర్మనీలోని హాంబర్గ్‌లో భూమి కింద 6.3 కిలోమీటర్ల సొరంగంలో ‘హెరా’ యంత్రం 1992 నుంచి 2007 దాకా పనిచేసింది. ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా వచ్చి ఢీకొనేవి. ఆ ముక్కల్ని చుట్టూ ఉన్న పరికరాలు లెక్కించేవి. అయితే కొన్నిసార్లు ప్రోటాన్‌ శక్తిలో పెద్ద వాటా ఆ లెక్కకు అందేది కాదు. దాన్ని పట్టుకుపోయేది న్యూట్రాన్‌. దానికి విద్యుదావేశం లేదు. ప్రోటాన్లను మలుపు తిప్పే అయస్కాంతాలు దాన్నేమీ చేయలేవు. తిన్నగా పోతుంది. అందుకే హెచ్‌1, జియస్‌ బృందాలు సుమారు 106 మీటర్ల దూరాన, అది పోయే దారిలోనే ప్రత్యేక పరికరాలు అమర్చాయి.

రెండు లెక్కలు కలిస్తేనే..

న్యూట్రాన్‌ ఎలా పుడుతోంది? ప్రోటాన్‌ క్షణకాలం న్యూట్రాన్‌గా, పైయాన్‌ అనే చిన్న కణంగా మారుతుందని, ఎలక్ట్రాన్‌ ఆ పైయాన్‌కు తగిలితే న్యూట్రాన్‌ ముందుకు సాగిపోతుందని ఒక లెక్క. ప్రోటాన్‌ పగిలాక ముక్కలు కూడి న్యూట్రాన్‌ అవుతుందని మరో లెక్క. హెచ్‌1 బృందం 2010లో తన కొలతలను కంప్యూటర్‌ నమూనాలతో సరిచూసింది. ఎక్కువ శక్తి గల న్యూట్రాన్లకు మొదటిది కుదిరింది. తక్కువ శక్తి వాటికి రెండోదీ కావాల్సి వచ్చింది. రెండూ కలిపితేనే మస్టర్‌ సరిపోయింది.

మనకేంటి?

పైయాన్‌ పుట్టిన కాసేపటికే అంతరిస్తుంది. దాన్ని నిలబెట్టి పరీక్షించలేం. ఈ దారిలో దాని లోపలికి తొంగిచూసే వీలు దొరికింది. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్‌ కిరణాలు గాలిని తాకినప్పుడూ ఇలా ముందుకు దూసుకుపోయే కణాలే కీలకం. కామాటిపురకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, కొలాబాలో ఉన్న టాటా మౌలిక పరిశోధన సంస్థ ఊటీలోని గ్రేప్స్‌-3 కేంద్రంలో ఆ కిరణాలనే గమనిస్తోంది. వచ్చిన కణం ఏదో తేల్చాలంటే నమూనాలే ఆధారం. నమూనా తప్పితే జవాబూ తప్పుతుంది.

హెరా ఆగినా దాని లెక్కల పని ఆగలేదు. అమెరికాలోని బ్రూక్‌హేవన్‌లో ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లను మళ్లీ ఢీకొట్టించే యంత్రానికి 2020లో చోటు ఖరారైంది. అక్కడా న్యూట్రాన్‌ దారిలో ముందే కాపు కాయనున్నారు. ఎవరి కంటా పడకుండా పోయినోళ్లనూ లెక్కలో రాసుకుంటేనే కదా మస్టర్‌ సరైంది!