పెండ్లి బస్సు కింద ఏముంది?

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన కియా కార్ల కర్మాగారం ఉంది. 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్ల తయారీ మొదలైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ సంస్థ కార్నివాల్ అనే పొడవాటి బండిని మన దేశంలో అమ్మకానికి పెట్టింది. అందులో అన్నిటికంటే ఖరీదైన రకం పేరు లిమోసిన్. అయిదు మీటర్లు దాటిన పొడవు, మీట నొక్కితే పక్కకు జరిగే తలుపులు, కాళ్ళు చాపుకుని వెనక్కి వాలే సీట్లు. ఇన్ని ఉన్నా అందులో కూర్చునేది ఏడుగురే. మన సీమలో పెండ్లికి ఏడుగురంటే పెద్దనాయన ఇంటివాళ్ళకే చాలదు.

అందుకే మన వేడుకల బండి ఎప్పుడూ బస్సే. ధర్మవరంలో పట్టుచీరలు తీసుకోవడానికి చుట్టాలంతా ఒక్క బండిలో పోతారు. ముహూర్తం హిందూపురంలో అయితే మగపెండ్లివారు తెల్లవారుజామునే బస్సెక్కుతారు. ఆర్టీసీ స్పెషల్ బస్సు కావచ్చు, ట్రావెల్స్ వాళ్ళ బండి కావచ్చు. ముందు అద్దానికి పెండ్లికొడుకు, పెండ్లికూతురు పేర్లతో కాగితం అంటిస్తారు, బంపరుకు మామిడాకులు, అరటి పిలకలు కడతారు. సారె పెట్టెలు డిక్కీలోకి పోతాయి. చోటు చాలకపోతే కుర్రాళ్ళు డ్రైవరు పక్కన బానెట్ మీద సర్దుకుంటారు.

ఇప్పుడు ఈ వరుసలోకి కొత్త బండి వచ్చింది. బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో పార్టీ బస్సు, లిమో బస్సు అని అద్దెకిస్తున్నారు. పెనుకొండ నుంచి బెంగళూరు రెండున్నర గంటల దారే కాబట్టి ఆ మోజు ఇక్కడికి రావడానికి ఎంతో కాలం పట్టదు. వరుస సీట్లు తీసేసి గోడల వెంట సోఫాలు వేస్తారు, నడుమ ఆడుకోవడానికి చోటు వదులుతారు, పైన రంగు దీపాలు, మూలల్లో పెద్ద స్పీకర్లు పెడతారు.

ఎదురెదురుగా కూర్చునే ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1829 జులై 4న జార్జ్ షిల్లిబియర్ లండన్‌లో నడిపిన తొలి బస్సుకు మూడు గుర్రాలు కట్టారు. 22 మంది పట్టే ఆ బండిలో బల్లలు గోడల వెంటే ఉండేవి. గుర్రపు బండి నడక వేగానికి అది సరిపోయింది. మోటారు వచ్చి వేగం పెరిగాక దూరప్రయాణపు బస్సుల్లో సీట్లన్నీ ముందుకు తిరిగాయి. ఇక కారును సాగదీసి లిమోసిన్ చేసే పని అమెరికాలో మొదలైంది. 1928లో ఆర్కన్సా రాష్ట్రం ఫోర్ట్ స్మిత్ పట్టణంలోని ఆర్మ్‌బ్రస్టర్ కంపెనీ కారును నడుమకు కోసి, మధ్యలో కొత్త ముక్క అతికించింది. ఊరూరా తిరిగి కచేరీలు చేసే వాద్యబృందాలు తమ మనుషులతో, వాయిద్యాలతో ఆ బండ్లలో తిరిగేవి. పాటకూ పొడవాటి బండికీ పొత్తు అప్పుడే కుదిరింది.

మన దేశంలో బస్సు కథ వేరు. అది లారీకి తోబుట్టువు. ఇప్పటికీ మన హైవే మీద అప్పుడప్పుడు ఒక దృశ్యం కనిపిస్తుంది: రెండు పొడవాటి ఇనుప దూలాలు, ముందు ఇంజను, నాలుగు మూలలా చక్రాలు, పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు ఎండలో, గాలిలో దాన్ని బాడీ కట్టే షెడ్డుకు తోలుకుపోతుంటాడు. అదే ఛాసిస్. తమిళనాడులోని కరూరు వంటి ఊళ్ళలో దాని మీద ఇనుప గొట్టాల చట్రం నిలబెట్టి, రేకులు బిగించి, సీట్లు వేసి బస్సు చేస్తారు. కంపెనీ చేసేది సగం, షెడ్డు చేసేది సగం. పార్టీ బస్సు మంచిచెడ్డలు తేలేది ఎక్కువగా ఈ రెండో సగంలోనే.

ముందు కుదుపు సంగతి చూద్దాం. పాత బస్సుల ఇరుసు మీద కమాన్ పట్టీలుంటాయి. నిండు బరువును మోయగలిగేంత గట్టిగా వాటిని చేయాలి. బస్సు సగం ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆ గట్టిదనం తగ్గదు కాబట్టి స్పీడు బ్రేకరు తగలగానే వెనక సీటువాళ్ళు ఎగిరిపడతారు. ఖరీదైన బస్సుల్లో వాటికి బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. జనం ఎక్కి బస్సు కాస్త కిందికి దిగగానే ఒక చిన్న మీట వాల్వును తెరుస్తుంది, తిత్తిలోకి గాలి ఎక్కుతుంది, బస్సు మళ్ళీ తన ఎత్తుకు వస్తుంది. జనం దిగితే గాలి బయటికి పోతుంది. బరువును బట్టి గట్టిదనం మారుతుంది కాబట్టి పదిమంది ఉన్నా యాభైమంది ఉన్నా ఊపు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. 2001లో వోల్వో బస్సులు మన దేశంలో అడుగుపెట్టాక ఈ సుఖం జనానికి బాగా తెలిసింది. ఇంజను వెనక్కి పోవడంతో డ్రైవరు పక్కన హోరు, వేడి కూడా తగ్గాయి.

అయితే ఈ మెత్తదనం ఆపదను దాచగలదు. నలభైమంది, సగటున అరవై కిలోల చొప్పున, 2,400 కిలోలు. పదహారు టన్నుల బస్సులో అది దాదాపు ఏడో వంతు. వాళ్ళు సీట్లలో ఉన్నంతసేపూ ఆ బరువు కిందుగా, కదలకుండా ఉంటుంది. లేచి నిలబడితే బరువు పైకి జరుగుతుంది. పాటకు అందరూ ఒక పక్కకు ఊగితే పక్కకూ జరుగుతుంది. అదే క్షణంలో మలుపు వస్తే బస్సును వంచే బలానికి ఇదీ తోడవుతుంది. 2015 జనవరిలో మడకశిర నుంచి పెనుకొండకు వస్తున్న బస్సు లోయలో పడి విద్యార్థులు చనిపోయిన సంగతి ఈ ప్రాంతం మరచిపోలేదు. మన చుట్టూ ఉన్నవి కొండదారులు. నడిచే బస్సులో ఆడటం ఈ దారుల్లో అసలే వద్దు.

సోఫాలకూ ఒక చిక్కుంది. ముందుకు తిరిగిన సీటులో ఉంటే సడన్ బ్రేకు వేసినప్పుడు ముందు సీటు వీపు కొంతైనా ఆపుతుంది. గోడ వెంట కూర్చున్న మనిషికి ఆ ఆధారం లేదు. పక్కవాళ్ళ మీదికి జారుతాడు, ఆ పక్కవాళ్ళు మరొకరి మీదికి. ఆ వరుస చివర ఒళ్ళో బిడ్డతో కూర్చున్న తల్లి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వైరింగు. బస్సులో కరెంటు 24 వోల్టులు, ఇంట్లో 230. వెయ్యి వాట్ల సౌండ్ సిస్టమ్ ఇంట్లో నాలుగు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటే, బస్సు బ్యాటరీ నుంచి నలభై దాటి లాగుతుంది. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఒకే తీగలో దాదాపు తొంభై రెట్ల వేడి. ఇంటికి వాడే సన్నటి తీగను షెడ్డులో ఎవరో సోఫా వెనక నుంచి లాగి వదిలేస్తే, ఫ్యూజు కూడా సరిగా పెట్టకపోతే, అది రెగ్జిన్‌కూ స్పాంజికీ ఆనుకున్న నిప్పే. స్పాంజి కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ ఉంటాయి. మంట తగలకముందే మనిషి స్పృహ తప్పుతాడు.

మన 44వ నంబరు హైవే మీదే, 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సు కల్వర్టుకు తగిలి కాలిపోయింది, 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మరో బస్సు, కింద ఇరుక్కున్న మోటారుసైకిలు నుంచి మంటలంటుకుని కాలింది. రెండుచోట్లా నిప్పు పుట్టిన కారణాలు వేరు. లోపలివాళ్ళకు బయటపడే వ్యవధి దొరకకపోవడం మాత్రం ఒకటే.

కాబట్టి పెండ్లికి బస్సు మాట్లాడేటప్పుడు దీపాలు, పాటలు చూసి అడ్వాన్సు ఇవ్వకండి. పగటిపూట వెళ్ళి బస్సు ఎక్కండి. అత్యవసర ద్వారం సోఫా వెనక మూసుకుపోయిందేమో చూడండి, మీ చేత్తో తెరవండి. అద్దాలు పగలగొట్టే సుత్తి, మంటలార్పే సిలిండరు చేతికందే చోట ఉన్నాయా, సిలిండరు గడువు తీరిందా చూడండి. కాంట్రాక్టు క్యారేజీ పర్మిటు, ఫిట్‌నెస్ కాగితాలు అడగండి. రిజిస్ట్రేషన్‌లో ఎన్ని సీట్లు రాసి ఉన్నాయో అంతమందినే ఎక్కించండి. కంపెనీ చేసిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. ఆ మార్పులు రవాణా శాఖ ఒప్పుకున్నవేనా అని యజమానిని అడగడానికి మొహమాటపడకండి. ఆటపాటలు కావాలంటే దారిలో బస్సును భద్రమైన చోట ఆపించి, కిందికి దిగి, తనివితీరా ఆడుకోండి. డ్రైవరన్నకు ముందురోజు రాత్రి పడుకోవడానికి చోటు, వేళకు అన్నం చూడండి. చుట్టాలను పిలిచిన బాధ్యతలో ఇవన్నీ భాగమే.