అడవికి అక్కర్లేని వానపాము

వానపాము రైతు నేస్తమని చిన్నప్పుడు చదువుకున్నాం. ఇప్పుడు పెరట్లో గోంగూర మడి తవ్వుతుంటే ఒకటి కనిపిస్తే సంబరపడతాం కూడా. అందులో తప్పేం లేదండీ. కానీ మిన్నెసోటా, విస్కాన్సిన్, మిచిగన్ వైపు ఉన్నవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇక్కడి అడవులకి వానపాము కొత్తగా వచ్చి పడ్డ జీవి.

మంచుయుగంలో ఈ ప్రాంతం చాలావరకు మంచు కింద ఉండేది. అది కరిగి పదివేల ఏళ్లయింది. అడవులు పెరిగాయి కానీ వానపాములు రాలేదు. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ల మొక్కల వేళ్లతో, ఓడల్లో బరువు కోసం నింపిన మట్టితో దిగాయి. తర్వాత చేపలు పట్టేవాళ్లు మిగిలిన ఎరల్ని గట్టున పారబోస్తే ఇంకా లోపలికి వెళ్లాయి. వాటంతట అవి ఏడాదికి ఐదు పది మీటర్లే పాకుతాయి, మిగతా దూరమంతా మనుషులు మోసిందే.

వానపాముల్లేని మేపుల్ అడవిలో నడిచి చూడండి, కాలు మెత్తగా దిగుతుంది. ఏళ్ల తరబడి రాలి, బూజు పట్టి, నిదానంగా చివికిన ఆకుల పరుపు అది. అందులో స్ప్రింగ్‌టెయిల్స్ ఉంటాయి, ఒకటి రెండు మిల్లీమీటర్ల జీవులు. పొట్ట కింద మడిచిపెట్టుకున్న తోకని విదిల్చి టప్పున ఎగురుతాయి. ఆవగింజ కన్నా చిన్న మైట్లు ఉంటాయి. ఇవి బూజునీ చివికిన ఆకునీ తిని బతుకుతాయి. మైట్లలో చాలా రకాలు నెమ్మదిగా పిల్లల్ని పెడతాయి, ఒకసారి తగ్గాయంటే తేరుకోవడం కష్టం.

వానపాములు ఆ పరుపుని కొన్నేళ్లలో తినేసి కింది మట్టిలో కలిపేస్తాయి. దాంతో వీటికి ఇల్లూ పోయె, తిండీ పోయె. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2018లో లెక్కగట్టారు. వానపాములు చేరిన చోట ఈ చిన్న జీవుల సంఖ్యా, రకాలూ తగ్గాయని తేలింది. విచిత్రం ఏమిటంటే, నైట్‌క్రాలర్ తన బొరియ మీద పోగేసుకునే ఆకుల కుప్పలో మాత్రం ఇవి బాగానే చేరతాయి. చుట్టూ నేల బోడి అయ్యాక ఆ కుప్పే దిక్కు మరి! వీటిని తినే సాలమాండర్లకీ, నేల మీద ఆకుల్లో గూడు కట్టే ఓవెన్‌బర్డ్ పిట్టలకీ కూడా దెబ్బే.

ఇప్పుడు జంపింగ్ వర్మ్స్ వచ్చాయి, జపాన్, కొరియా వైపువి. విస్కాన్సిన్‌లో 2013లో గుర్తించారు. ముట్టుకుంటే పాములా మెలికలు తిరుగుతాయి. అవి తిన్న మట్టి కాఫీ పొడిలా పొడిపొడిగా ఉంటుంది. చలికి పెద్దవి చచ్చిపోతాయి కానీ గుడ్లు బతికే ఉంటాయి, అంత చిన్నవి మట్టిలో కంటికి ఆనవు.

వేసవి రాగానే మన గ్రూపుల్లో పుదీనా పిలకలు, కరివేపాకు మొక్కలు చేతులు మారతాయి కదా. మొక్క ఇచ్చే ముందు వేళ్లకున్న మట్టంతా కడిగి, కొత్త పాటింగ్ మిక్స్‌లో పెట్టి ఇవ్వండి. వీలైతే విత్తనాలే పంచుకుందాం. అడవిలో చేరాక వీటిని తీసే మందు లేదు. ఇంట్లో చేపల గాలం పట్టే మనిషి ఉంటే, మిగిలిన ఎరల్ని చెత్తబుట్టలో వేయమని చెప్పండి.