క్రీడామందిరములును ప్రజాధనమును

ధనవంతుడు తన సొమ్ముతో మేడ గట్టుకొన్నచో నది యతని యిష్టము. ఆ మేడకు పునాదిరాళ్లు ప్రజల బొక్కసమునుండి వచ్చినప్పుడు మాత్రము లెక్క యడుగు హక్కు పన్ను చెల్లించు ప్రతి గృహస్థునకును గలదు. గొప్ప క్రీడామందిరమును, దాని చుట్టును నివాసగృహములు, కార్యాలయములు, అంగళ్లు గల క్రొత్త పేటను కట్టించెదమని ముందుకు వచ్చు నిర్మాతలు నేడు పెక్కు నగరములలో ప్రభుత్వముల సాయమును కోరుచున్నారు. ఆ సాయ మేయే రూపముల నందునో, దానికి ప్రతిఫలముగా ప్రజలకు దక్కున దేమో గ్రహించుటకు న్యూయార్కు నగరమునందలి బ్రూక్లిన్ భాగమున జరిగిన యుదంతము చక్కని నిదర్శనము.

2003 డిసెంబరులో ఫారెస్టు సిటీ రాట్నర్ అను సంస్థ "అట్లాంటిక్ యార్డ్స్" అను పేర నొక బ్రహ్మాండమైన ప్రణాళికను ప్రకటించెను. 22 ఎకరముల నేలపై బాస్కెట్‌బాల్ క్రీడామందిర మొకటి, దాని చెంత 16 ఉన్నత సౌధములు కట్టెదమనిరి. ఫ్రాంకు గేరీ వంటి ప్రఖ్యాత శిల్పి చిత్రములు గీసెను. పదివేల యుద్యోగములు కలుగుననిరి. పిమ్మట స్థిరపడిన లెక్క ప్రకారము 6,430 ఇండ్లు రావలసియుండెను. అందు 2,250 సామాన్య కుటుంబములకు అందుబాటు అద్దెల కీయవలసినవి. ఇండ్ల కొరతచే బాధపడు నగరమున నీ వాగ్దానమునకు గల యాకర్షణ మింతయని చెప్పనలవి కాదు. ప్రజాప్రతినిధులలో పలువురు మొగ్గినది క్రీడకు గాదు, ఆ యిండ్లకే.

ఇక ప్రభుత్వము చేసిన సాయము నాలుగు విధములుగా నుండెను. మొదటిది రొక్కము. రాష్ట్రమును నగరమును చెరి 10 కోట్ల డాలర్ల నీయ నంగీకరించెను. పిమ్మట నగరము తన వంతును 20 కోట్లకు మించునట్లు పెంచెను.

రెండవది నేల. ఆ 22 ఎకరములలో సుమారు 8 ఎకరములు రైలు పెట్టెలు నిలుపు ప్రదేశము. అది ప్రజల రవాణా సంస్థకు చెందినది. దాని విలువ 21 కోట్ల 45 లక్షల డాలర్లని మదింపుదారులు తేల్చిరి. 2005లో ఎక్స్‌టెల్ అను వేరొక సంస్థ 15 కోట్లు ఇత్తుననెను. ఫారెస్టు సిటీ మొదట 5 కోట్లనియు, బేరము పిమ్మట 10 కోట్లనియు చెప్పెను. నేల మాత్ర మా 10 కోట్లవారికే దక్కెను. రవాణా సంస్థకు రైలు సౌకర్యములు కొన్ని సమకూర్చుదుమని నిర్మాత చెప్పినమాట నిజమే. కాని 2009లో ఆ 10 కోట్లును ఒక్కసారి చెల్లింపనక్కరలేదని సడలించి, ముందుగా 2 కోట్లు మాత్రము గైకొని, తక్కినది 22 సంవత్సరముల వాయిదాలకు విడిచిరి. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది.

మూడవది పన్నులేని ఋణపత్రములు. ఇది సామాన్యుని కంటి కగపడని సాయము గావున కొంచెము వివరింపవలయును. క్రీడామందిరమును పేరునకు ప్రభుత్వ సంస్థ యాస్తిగా నుంచుదురు. అందుచేత దానికి ఆస్తిపన్ను లేదు. పన్నునకు బదులుగా నిర్మాత కొంత సొమ్ము చెల్లించును. ఆ సొమ్ము నగరపు బొక్కసమునకు బోక, ఆ మందిరమును కట్టుటకై తెచ్చిన ఋణమును తీర్చుటకే పోవును. అనగా నిర్మాత చెల్లించు పన్ను తన యప్పునకే జమపడుచున్నది. అదిగాక ఆ పత్రములపై వచ్చు వడ్డీకి కేంద్ర ప్రభుత్వపు ఆదాయపు పన్ను లేనందున, కొనువారు తక్కువ వడ్డీకే సమ్మతింతురు. ఆ తగ్గింపు భారమును దేశమందలి పన్నుదారు లందరును మోయుదురు. 1986 నాటి చట్టమే యిట్టి వాడుకను అరికట్ట నుద్దేశించినది. అయినను సందు దొరకెను. ఆ సందును మూయుటకై చేసిన క్రొత్త నియమమునుండి యీ పనికి దొరకిన వెసులుబాటు 2009 సంవత్సరాంతముతో ముగియనుండగా, డిసెంబరులోనే 51 కోట్ల 10 లక్షల డాలర్ల పత్రములను విక్రయించిరి.

నాలుగవది భూసేకరణాధికారము. ఇది భూస్వాములగు మన పాఠకులు ప్రత్యేకముగా గమనింపదగినది. అచ్చట నివసించు కొందరు తమ యిండ్ల నమ్మ నిరాకరింపగా, ప్రభుత్వ సంస్థ ఆ ప్రాంతము శిథిలావస్థయం దున్నదని నిర్ణయించి, వారి యాస్తులను బలవంతముగా గైకొనెను. వ్యాజ్యము రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము దాక పోయెను. 2009 నవంబరులో ఆరుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ పక్షమును, ఒక్కరు ప్రతిపక్షమును వహించిరి. శిథిలమా కాదా యను విషయమున అధికారుల నిర్ణయమును న్యాయస్థానములు సులభముగా త్రోసిపుచ్చరాదనుట తీర్పు సారాంశము. అంతకు పూర్వము 2005లో న్యూ లండన్ పట్టణపు కేలో వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు సైతము ఐదుగురికి నలుగురుగా నిట్టి తీర్పే యిచ్చెను. ఆ పట్టణమున గైకొన్న నేల పెక్కేండ్లు బీడుగా పడియుండుట గమనార్హము.

ఇన్ని విధముల సాయము పొందిన పని ఫలిత మేమి? 2012 సెప్టెంబరులో క్రీడామందిరము తెరువబడెను. అప్పటికి గేరీ గీసిన చిత్రము త్యజింపబడి యుండెను. బార్క్లేస్ బ్యాంకు తన పేరు పెట్టించుకొన్నందుకు చెల్లించు రుసుము, పేరునకు ప్రభుత్వాస్తియే యైనను, నిర్మాత పక్షమునకే చెందెను. ఇండ్లు మాత్రము నత్తనడక నడచెను. 2014లో చైనాకు చెందిన గ్రీన్‌లాండ్ సంస్థ అధిక భాగమును గొని, పేరును "పసిఫిక్ పార్క్" అని మార్చెను. 2025 మే నాటికి 2,250 సరసమైన యిండ్లును పూర్తిగావలెననియు, కాని ప్రతి యింటికి నెలకు 2,000 డాలర్ల చొప్పున దండుగ చెల్లింపవలెననియు ఒడంబడిక జరిగెను. 2023లో గ్రీన్‌లాండ్ అప్పు తీర్పలేక తప్పెను. గడువు వచ్చునప్పటికి 876 ఇండ్లు కట్టనే లేదు. లెక్క ప్రకారము దండుగ నెలకు 17 లక్షల డాలర్లు దాటవలసి యుండగా, ప్రభుత్వ సంస్థ వెంటనే వసూలునకు పూనుకొనలేదు. రైలు పట్టాలపై కప్పవలసిన వేదికయు గడువునాటికి లేవలేదు. ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యన నిదియే.

ప్రతిపక్షపు వాదమునుగూడ న్యాయముగా వినవలయును. క్రీడామందిరము రైలుమార్గములు పెక్కు కలియు చోట నున్నందున జనులకు సౌకర్యమైనది. 1,374 కుటుంబములకు సరసమైన యిండ్లు లభించుట చిన్న పని కాదు. ఇవి యొప్పుకొనదగినవే. కాని 2009లో నగరపు స్వతంత్ర ఆయవ్యయ పరిశీలన కార్యాలయము, ఆ మందిరమువలన నగరమునకు 30 సంవత్సరములలో సుమారు 4 కోట్ల డాలర్ల నష్టము కలుగునని లెక్కవేసెను. అర్థశాస్త్రజ్ఞు లిట్టి మందిరముల విషయమున చెప్పునదియు నదియే: ఆట చూచుటకు వెచ్చించు రూక చాలవరకు అదే యూరిలో మరియొక వినోదమునకు వెచ్చింపవలసిన రూకయే. అది చేయి మారునే గాని క్రొత్తగా పుట్టదు.

ఇది సముద్రముల కావలి ముచ్చట యని మనము ఊరకుండదగదు. అదే 2003లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము క్రీడాశిక్షణాలయముల పేర ఐ.ఎం.జి. అకాడెమీస్ భారత యను సంస్థతో ఒడంబడిక గావించుకొని, గచ్చిబౌలి కడ 400 ఎకరములును, మామిడిపల్లిలో 450 ఎకరములును కేటాయించెను. 2006లో తరువాతి ప్రభుత్వము దానిని రద్దుచేసెను. వ్యాజ్యము ముగియుటకు 2024 వచ్చెను. ఆ సంవత్సరమే మార్చిలో హైకోర్టును, మే నెలలో సుప్రీముకోర్టును రద్దును సమర్థించెను. ఆ 400 ఎకరములపైననే 2025లో మరల వివాదము చెలరేగి, చెట్ల నరకుడును సుప్రీముకోర్టు నిలుపవలసివచ్చెను. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రైవేటు సంస్థలకై సేకరించునప్పుడు 80 వంతులును, ఉమ్మడి భాగస్వామ్యమున 70 వంతులును బాధిత కుటుంబముల సమ్మతిని కోరుచున్నది. ఈ రక్షణ బ్రూక్లిన్ గృహస్థులకు లేకుండెను. దానిని సడలింపుమని యెవరడిగినను మన ప్రతినిధులు ఒప్పుకొనరాదు.

మేము క్రీడలకు విరోధులము గాము, నగరాభివృద్ధికి నడ్డుతగులువారము గాము. కోరునది నాలుగు నియమములు. ప్రజల నేలను బహిరంగపు వేలమున, మదింపును ముందుగా ప్రకటించి యీయవలయును. రొక్కము, నేల తగ్గింపు, వదలుకొన్న పన్ను అన్నియు నొక్క పట్టికలో జేర్చి, అంగీకారమునకు ముందే శాసనసభ యెదుట నుంచవలయును. ప్రజలకు వాగ్దానము చేసిన యిండ్లు క్రీడామందిరముతోబాటు లేచునట్లు దశలను బంధింపవలయును. దండుగ కాగితముమీద నుండక, ముందుగానే బ్యాంకులో ధరావతుగా నుండవలయును. ఈ నియమముల కిష్టపడు నిర్మాతకు స్వాగతము. ఇష్టపడనివాడు తన సొమ్ముతోనే కట్టుకొనవచ్చును. ప్రజల బొక్కసపు తాళపుచెవి యతనికి అప్పగింప నక్కరలేదు.