అంగారకుడి గాలిని పట్టిన రెక్క

కోలార్ పక్కనున్న తమక నుంచి శ్రీనివాసపురం మామిడితోపులు దాటి ఆంధ్రలోకి పోతే మదనపల్లె వస్తుంది. రిషి వ్యాలీ స్కూలు ఆ దగ్గర్లోనే ఉంది. అక్కడ చదువుకున్న జె. బాబ్ బలరామ్‌కు చిన్నప్పుడు అంతరిక్షమంటే ఎంత పిచ్చో చూసి, బంధువొకాయన అమెరికా కాన్సులేట్‌కు ఉత్తరం రాశారు. నాసా గురించిన రంగురంగుల పుస్తకాలతో కవరు వచ్చింది. ఆ కుర్రాడు ఐఐటీ మద్రాసులో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో చేరాడు. 2021 ఏప్రిల్ 19న అంగారకుడి నేల మీంచి లేచిన ఇన్‌జెన్యుటీ హెలికాప్టర్‌కు చీఫ్ ఇంజనీర్ ఆయనే.

మన తోటల్లో మందు కొట్టే డ్రోన్‌కూ, ఆ హెలికాప్టర్‌కూ రెక్క లెక్క ఒకటే. గాలిలో నిలబడాలంటే గాలిని కిందికి తోయాలి. కొంచెం గాలిని జోరుగా తోయొచ్చు, లేదా బోలెడంత గాలిని నిదానంగా తోయొచ్చు. రెండు విధాలా అదే బరువు లేస్తుంది, కానీ బ్యాటరీ ఒకేలా ఖర్చు కాదు. నిదానంగా తోసేదే పొదుపు. ప్రొపెల్లర్ అడ్డకొలతను రెట్టింపు చేస్తే, అదే బరువును మోయడానికి కావలసిన శక్తి, కాగితం మీది లెక్క ప్రకారం, సగానికి పడిపోతుంది. స్కాట్లండ్ ఇంజనీరు రాంకిన్ 1865లో ఓడల ప్రొపెల్లర్ల కోసం వేసిన లెక్కే దీనికి పునాది.

అలాగని రెక్కను ఎంతంటే అంత పెంచలేం. డ్రోన్ పక్కకు ఒరగాలన్నా, ఈదురుగాలికి తట్టుకుని నిలబడాలన్నా మోటార్లు క్షణంలో వేగం మార్చుకోవాలి. రెక్క బరువైతే ఆ మార్పు ఆలస్యమవుతుంది. సన్నగా, తేలిగ్గా చేస్తే వంగుతుంది. ఈ చిక్కు విడిపోయింది కార్బన్ ఫైబర్‌తోనే.

1961లో జపాన్‌లోని ఒసాకాలో అకియో షిండో ఆక్రిలిక్ జాతి నూలు నుంచి కార్బన్ పోగు తీశాడు. ఆ నూలును ముందు గాలిలో 200 నుంచి 300 డిగ్రీల దాకా వేడిచేస్తారు. తర్వాత ఆక్సిజన్ లేని కొలిమిలో 1,000 డిగ్రీలు దాటిస్తారు. మిగిలేది దాదాపు అంతా కార్బనే. పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు. బిరుసులో ఉక్కుకు తీసిపోదు, బరువు చూస్తే ఉక్కులో నాలుగో వంతు కూడా ఉండదు. అయితే ఈ బలమంతా పోగు పొడవునే. కట్టెకు నార వాటంలో ఉన్న గట్టితనం అడ్డంగా ఉండదు, ఇదీ అంతే. అందుకే రెక్క చేసేవాళ్లు రెసిన్ పట్టించిన కార్బన్ గుడ్డను పొరలు పొరలుగా అచ్చులో పరుస్తారు. రెక్క పొడవునా వేసిన పోగులు, తిరిగేటప్పుడు బయటికి లాగే బలాన్ని కాస్తాయి. 45 డిగ్రీల వాలులో అటూ ఇటూ వేసినవి రెక్కను మెలి తిరగనివ్వవు.

ఆ రెండో పొరే కీలకం. రెక్క కొస వేగంగా తిరుగుతుంది, మొదలు నెమ్మదిగా తిరుగుతుంది. కాబట్టి మొదలు దగ్గర ఏటవాలు ఎక్కువ, కొసకు పోయేకొద్దీ తక్కువ ఉండేలా మలుస్తారు. బరువు పడ్డప్పుడు ఆ మలుపు చెదిరితే పడ్డ కష్టమంతా వృథా. కార్బన్ ఫైబర్ గొప్ప తేలికదనంలో ఉందని చాలామంది అనుకుంటారు. గీసిన ఆకారాన్ని పూర్తి వేగంలోనూ నిలబెట్టడమే దాని అసలు గొప్ప అని నా నమ్మకం. ఆకారమే తప్పుగా గీస్తే, చక్కగా గీసిన నైలాన్ రెక్క ముందు అది దిగదుడుపే.

గాలి పలచబడేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. కోలార్ సముద్రమట్టానికి సుమారు 820 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నై తీరంతో పోలిస్తే ఇక్కడి గాలి సుమారు 8 శాతం పలచన. అదే డ్రోన్ ఇక్కడ నిలబడాలంటే దాదాపు 4 శాతం ఎక్కువ శక్తి కావాలి. కోలార్ బంగారు గనుల ప్రాంతం కె.జి.ఎఫ్.లో మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఛాంపియన్ రీఫ్ గని అడుగున మాత్రం, నీళ్లు నిండకముందు, తీరంలోకన్నా చిక్కటి గాలి ఉండేది.

అంగారకుడి మీద గాలి సాంద్రత మన దగ్గరున్న దానిలో సుమారు ఒక శాతమే. గురుత్వాకర్షణ 38 శాతమే కాబట్టి కొంత ఊరట. అయినా అదే యంత్రం అక్కడ తేలడానికి ఇక్కడికన్నా సుమారు 2.3 రెట్ల శక్తి తీసుకుంటుంది. పైగా అక్కడ ధ్వని వేగం సెకనుకు సుమారు 240 మీటర్లే. రెక్క కొసలు దాన్ని సమీపిస్తే ఎదురుబలం అమాంతం పెరుగుతుంది. అందుకే 1.8 కిలోల ఇన్‌జెన్యుటీకి 1.2 మీటర్ల అడ్డకొలతతో, ఒకదానిపై ఒకటి ఎదురెదురుగా తిరిగే రెండు రోటార్లు పెట్టారు. తొలిసారి ఎగిరినప్పుడు అవి నిమిషానికి 2,537 చుట్లు తిరిగాయి. కొసల వేగం సెకనుకు 160 మీటర్లు.

అంతకుముందు, 2014లో, ఈ హెలికాప్టర్ చిన్న నమూనాను అంగారకుడి పీడనమున్న గదిలో ఎగరేస్తే అదుపు తప్పింది. భూమి మీద రెక్క పైకీ కిందికీ ఊగబోతే చిక్కటి గాలే అడ్డుకుంటుంది. పలచని గాలి అడ్డుకోలేదు. అప్పుడు రెక్కల్ని మామూలు హెలికాప్టర్ల కన్నా చాలా బిరుసుగా చేశారు. ఫోమ్ గుండె, కార్బన్ చర్మం, ఒక్కో రెక్క 35 గ్రాముల ప్రాంతం. 2016లో అదే గదిలో అదుపులో ఎగిరింది.

30 రోజుల్లో ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నారు. మొత్తం 72 సార్లు ఎగిరింది. 2024 జనవరి 18న నునుపైన ఇసుక మీద కెమెరాకు గుర్తులు దొరక్క, వాలు మీద పక్కవాటు వేగంతో దిగింది. ఆ కుదుపుకు నాలుగు రెక్కలూ కొసవైపు విరిగాయి. అప్పటికే, 2023 సెప్టెంబరులో, అంతకన్నా పొడవైన కార్బన్ రెక్కల్ని లేబొరేటరీ వాళ్లు నిమిషానికి 3,500 చుట్లు తిప్పి చూశారు. వాటి కొసలు ధ్వని వేగంలో 95 శాతం దాకా వెళ్లినా రెక్కలు చెక్కుచెదరలేదు.