నిజమైన కలిమి

మన కళాశాలలో ప్రక్కప్రక్కనే వినవచ్చు రెండు భాషలలోను ధనమునకు పేర్ల కొదువ లేదు. ఆ పేర్ల అర్థములను విచారించినచో పెద్దలు ధనమును ఏ దృష్టితో చూచిరో తెలియును. తెలుగున “కలిమి” అనగా కలిగియుండుట, “లేమి” అనగా లేకపోవుట. ఆ రెండును కావడికుండలని సామెత. ఉర్దూలోని “దౌలత్” అరబ్బీ నుండి వచ్చిన మాట. దాని మూలధాతువునకు తిరుగుట, వంతులు మారుట అని అర్థము. నేడు ఒకరిదై రేపు మరొకరిదగునను భావము ఆ మాటలోనే ఇమిడియున్నది. చేతులు మారునదే ధనమైనపుడు, మనిషి వద్ద నిలుచు కలిమి ఏది?

ఇట్లు ప్రశ్నించుటచే ధనమే అక్కరలేదని మన అభిప్రాయము కాదు. ఫీజు కట్టుటకు తల్లి గాజులు తాకట్టు పెట్టిన ఇంటి బిడ్డకు డబ్బు ముఖ్యము కాదని బోధించుట క్రూరత్వము. పైగా మనది కరవు నెరిగిన సీమ. ఆకలికి అన్నము, రోగమునకు మందు, చదువునకు పుస్తకము పైకము లేనిదే రావు. అయితే అవసరములు తీరిన తరువాత మనిషిని దేనిని బట్టి ధనవంతుడనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములో బెలుం గ్రామమున్నది. “బిలము” నుండి ఆ పేరు వచ్చినదందురు. పైకి చూచిన చదునైన భూమి. దాని క్రింద 3,229 మీటర్ల పొడవున గుహలు. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పముగా ఆమ్లగుణము పొందును. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలోనికి దిగి, యుగములపాటు రాతిని కొంచెము కొంచెముగా కరిగించగా దారులు, మండపములు ఏర్పడినవి. కరిగిన సున్నమే చుక్కచుక్కగా జారి గట్టిపడి, ఊడలవలె, పడగలవలె రూపుగొన్నది. కోటిలింగాలు, వేయి పడగలు, సప్తస్వరాల గుహ మొదలగునవి అందలి చోట్లకు పెట్టిన పేర్లు. అన్నింటికంటె లోతైన పాతాళగంగ నేలమట్టమునకు సుమారు 46 మీటర్ల దిగువన ఉన్నది.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహలను గుర్తించి వ్రాసెను. అయినను సుమారు నూరేండ్లు వానిని పట్టించుకొన్నవారు అరుదు. చాలకాలము అవి చుట్టుప్రక్కల వారు చెత్త పారవేయు గోతులుగా ఉండెను. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబౌర్ నాయకత్వమున జర్మను బృందము లోపలికి దిగి పరిశోధించినది. 1988లో రాష్ట్ర ప్రభుత్వము వానిని రక్షిత ప్రదేశముగా ప్రకటించినది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ ఆ పని చేపట్టగా, 2002 ఫిబ్రవరిలో ప్రజలకు ద్వారము తెరువబడినది. ఇన్నేండ్లలో గుహకు క్రొత్తగా చేరిన సంపద ఏదియు లేదు. మారినది చూచువారి చూపు మాత్రమే. కనుక కలిమికి మొదటి లక్షణము ఎరుక. తనకున్న దాని విలువ నెరుగనివాడు దానిపై చెత్త పోయును.

అదే సీమలో సున్నపురాతిని నాపబండలుగా కోయుచున్నారు, సిమెంటుగా మార్చుచున్నారు. అది తప్పు కాదు. ఎన్నో కుటుంబములకు అదియే కూడు. అయితే బండగా అమ్మిన రాతికి ఒక్కసారే వెల వచ్చును, అది కొన్నవానికే చెందును. గుహగా నిలిచిన రాతిని ఎందరు చూచినను, వెనుక వచ్చువాని వంతు తరుగదు. విద్యయు, స్నేహమును ఇటువంటివే. పంచిన కొలది తరుగకుండుట కలిమికి రెండవ లక్షణము.

మూడవది త్యాగము. మనము గుహలో నడచునది రాయి కరిగి విడిచిన చోటులోనే గదా! ఆళ్ళగడ్డ ప్రాంతములోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అను భూస్వామి ఉండెను. 1866 నాటి కరవులో ఆయన తన ధాన్యపు నిలువలు తెరచి, ఆకలిగొన్నవారికి అంబలి కాచి పోయించెను. విక్టోరియా రాణి పేర బంగారు పతకము ఆయనకు లభించినది. రేనాటి ప్రజలు మాత్రము పతకముతో తృప్తిపడక, ఆయనపై పాట కట్టి పాడుకొనిరి. నిండిన గాదెలకు ఎవరును పాట కట్టలేదు. తెరచిన గాదెకు కట్టిరి.

రాజుల విషయమును ఇట్టిదే. 1937 ఫిబ్రవరిలో అమెరికాలోని ‘టైమ్’ పత్రిక హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ చిత్రమును ముఖపత్రముపై వేసి, ప్రపంచమున మిక్కిలి ధనవంతుడని పేర్కొన్నది. జాకబ్ వజ్రమును ఆయన కాగితములపై బరువుగా ఉంచుకొనెనని ప్రసిద్ధి. ఆ వజ్రముతోపాటు నిజాము ఆభరణములను 1995లో భారత ప్రభుత్వము కొని భద్రపరచినది. అవి అందమైనవే, కాని వానివలన ఒక దీపమైనను వెలుగదు. అదే నిజాము కాలమున 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో నేటికిని తరగతులు నడచుచున్నవి. మన సీమలో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో కర్నూలున ఉస్మానియా కళాశాలను స్థాపించెను. ఆయన వజ్రములు కూడబెట్టినవాడు కాడు. అయినను 2016లో కర్నూలున ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయమునకు ఆయన పేరే పెట్టిరి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మనలో పెక్కురు రేపు ఉద్యోగములు చేయుదురు, వ్యాపారములు నడుపుదురు. నాలుగు రూకలు సంపాదించుడు. తల్లిదండ్రుల ఋణము తీర్చుడు. అటుపైన అప్పుడప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. మనకున్నదాని విలువ మన మెరుగుదుమా? అందులో పంచినను తరుగనిది ఎంత? మనము విడిచిన చోటులో మరొకరు నిలువగలరా?

కళాశాల పాలకవర్గమునకును ఇదే కొలత వర్తించును. భవనముల అంతస్తులను బట్టియో, బ్యాంకులోని నిలువను బట్టియో విద్యాలయము సంపన్నమైనదని లెక్క వేయరాదు. ఫీజు కట్టలేక చదువు మానుకొన్న విద్యార్థి ఈ ఏడు ఒక్కడైనను ఉన్నాడా అని హాజరుపట్టీ తిరగవేసి చూడవలెను. ఉన్నచో అతని ఇంటికి కబురు పంపి, తిరిగి తరగతిలో కూర్చుండబెట్టుట మన మొదటి జమగా వ్రాసికొందము.