సూదిమందుతో వచ్చిన గెలుపు ఎవరిది?

చల్లపల్లి ఆసుపత్రిలో ఓ సోమవారం ఓ.పి. చూస్తున్నాను. వరుసలో చివర నిలబడ్డ కుర్రాడికి జ్వరం లేదు, దగ్గు లేదు. మనిషి తాటిచెట్టులా నిటారుగా ఉన్నాడు. అందరూ వెళ్ళేదాకా ఆగి, తలుపు దగ్గరగా వేసి, "డాక్టరు గారూ, నాకో ఇంజక్షన్ రాసిపెట్టాలండి" అన్నాడు.

"దేనికయ్యా?"

"కానిస్టేబుల్ సెలక్షన్లో 1600 మీటర్లు పరిగెత్తాలండి. ఆయాసం తెలీకుండా చేసే ఇంజక్షన్ ఉందంట. మాతో ప్రాక్టీసు చేసేవాళ్ళల్లో ఇద్దరు వేయించుకుంటున్నారండి."

కుదరదన్నాను. దానివల్ల వచ్చే ముప్పు చెప్పాను. బుద్ధిగా తల ఊపుతూ విన్నాడు. చివరికి ఒక్క ప్రశ్న వేశాడు. "వాళ్ళు వేయించుకుని నాకంటే ముందు పరిగెత్తితే, వేయించుకోనందుకు నా ఉద్యోగం పోయినట్టే గదండీ?"

పాతికేళ్ళ సర్వీసులో నన్ను ఇంత ఇబ్బంది పెట్టిన ప్రశ్నలు తక్కువ. మా డాక్టర్లం ఎప్పుడూ మందు వేసుకున్నవాడి ఒంటికి ఏమవుతుందో చెబుతాం. వేసుకోనివాడికి ఏం నష్టం జరుగుతుందో చెప్పం. ఈ వారం రెండూ చెబుతాను.

ఆయాసం ఎందుకు వస్తుంది?

నా చిన్నతనంలో మన ఊళ్ళకు వారం రోజులపాటు సైకిలు దిగకుండా తొక్కేవాళ్ళు వచ్చేవారు. సెంటర్లో గుండ్రంగా తిరుగుతూ సైకిలు మీదే స్నానం, సైకిలు మీదే భోజనం. చివరి రోజుకి కాళ్ళు వాచి, కళ్ళు గుంటలు పడేవి. మనం చప్పట్లు కొట్టి చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చేవాళ్ళం. ఆ మనిషి ఒళ్ళు "ఇక చాలు" అని మొరపెట్టుకుంటోందని ఎవరికీ తోచేది కాదు.

ఆయాసం, నొప్పి, నీరసం శత్రువులు కావు. ఇంటి ముందు కాపలా కుక్కల్లాంటివి. గుండె మీద భారం ఎక్కువైతే, ఒంట్లో వేడి పెరిగితే, కండరం చిరిగితే అవి అరుస్తాయి. ఉత్తేజం కలిగించే మందులు చేసే పనల్లా ఆ కుక్కల నోరు కట్టెయ్యడమే. దొంగ మాత్రం లోపలికి వస్తూనే ఉంటాడు.

1967 జూలై 13న ఫ్రాన్సులో జరిగిందదే. అక్కడ ఏటా "టూర్ ద ఫ్రాన్స్" అనే సైకిలు పందెం జరుగుతుంది. మూడు వారాల్లో దాదాపు 3,400 కిలోమీటర్లు తొక్కాలి. ఆ రోజు మండుటెండలో మోఁ వాఁతూ అనే కొండ ఎక్కుతూ టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ రైడరు సైకిలు మీంచి పడిపోయాడు. మళ్ళీ ఎక్కించారు. కాస్త దూరం పోయి మళ్ళీ పడ్డాడు, ఇక లేవలేదు. వయసు 29. రెండేళ్ళ క్రితమే ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. శవపరీక్షలో ఆంఫిటమిన్ అనే ఉత్తేజకర మందు, మద్యం బయటపడ్డాయి. ఎండ, శ్రమ, మందు మూడూ కలిశాయి. ఆగమని చెప్పే కాపలా లేకపోయింది.

మన డెల్టాలో మే నెల ఎండ, ఉక్క ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పాలా?

రోగికి అమృతం, ఆరోగ్యవంతుడికి విషం

తర్వాతి రోజుల్లో సైకిలు పందెగాళ్ళు ఇంకా "తెలివైన" మందు పట్టుకున్నారు. మన మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఎముకల్లోని మూలుగను తట్టి ఎర్ర రక్తకణాలు పుట్టించడం దాని పని. కిడ్నీలు చెడిపోయినవారిలో అది తగ్గి రక్తం పలచబడుతుంది. ఉద్దానంలోను, మన ఏ.కొండూరు వైపు డయాలసిస్ మీద ఉన్నవారిలోను ఎందరికో ఈ ఇంజక్షనే ఊపిరి.

అదే మందు ఆరోగ్యవంతుడికిస్తే ఎర్రకణాలు అవసరానికి మించి పెరుగుతాయి. ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది, ఆయాసం తగ్గుతుంది. కాని రక్తం చిక్కబడుతుంది. మే నెలలో అడుగంటిన కాలవలో బురదనీళ్ళు ఎలా కదులుతాయో, ఆ రక్తమూ అలా కదులుతుంది. ఎక్కడైనా గడ్డకడితే గుండెపోటు, మెదడులోనైతే పక్షవాతం.

మగవారి రక్తంలో ఎర్రకణాల వాటా మామూలుగా నూటికి 45 ప్రాంతంలో ఉంటుంది. 1997లో అంతర్జాతీయ సైకిలు సంఘం 50 దాటినవాణ్ణి పందెంలోకి రానివ్వమని గీత గీసింది. 1998లో ఫెస్టినా జట్టు కారులో కుప్పలుగా మందులు దొరికాయి. 1999 నుంచి వరుసగా ఏడుసార్లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరును 2012లో కొట్టేశారు. 2013లో అతనే టీవీలో ఒప్పుకున్నాడు. ఆ ఏడేళ్ళకూ విజేత గడి ఇప్పటికీ ఖాళీ. రెండో స్థానంలో వచ్చినవాడికి ఇద్దామన్నా, ఎవర్ని నమ్మాలో తెలియని స్థితి!

మరి నిజాయితీపరుడి సంగతి? క్రిస్టోఫ్ బాసోఁ అనే రైడరు ఉండేవాడు. అతను మందు ముట్టడని ఫెస్టినా జట్టులోవాళ్ళే పోలీసులకు చెప్పారు. 1999 పందెంలో తొక్కుతూనే, ఈ మందుల గురించి పత్రికలో రాశాడు. తోటి రైడర్లు మాట్లాడడం మానేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకు వచ్చి, పందెం వదిలి పొమ్మన్నాడు. కొద్ది రోజుల్లో బాసోఁ వదిలేశాడు. 2001లో పందేలకే స్వస్తి చెప్పాడు. అతని ఒంట్లో ఏ విషమూ చేరలేదు. అయినా ఆ మందుల వల్ల అతని జీవనాధారం పోయింది. దుష్ఫలితాల పట్టికలో ఇది కూడా రాసుకోవాలి.

సిడ్నీలో నాలుగో స్థానం

సైకిళ్ళ మాట అలా ఉంచండి. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన కథ చెబుతాను. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే.

అదే సిడ్నీలో, అదే వెయిట్ లిఫ్టింగ్‌లో, 48 కిలోల విభాగంలో బల్గేరియా అమ్మాయికి బంగారు పతకం వేశారు. తర్వాత మూత్రపరీక్షలో ఫ్రూసిమైడ్ బయటపడింది. పతకం లాగేసుకున్నారు. గుండె జబ్బుతో కాళ్ళు వాచినవారికి మేం రోజూ రాసే "నీళ్ళ మాత్ర" అదే. అది బలాన్నివ్వదు. ఒంట్లో నీరు తోడేసి బరువు తగ్గిస్తుంది, వేరే మందులు వాడి ఉంటే మూత్రాన్ని పలచబరిచి దాచిపెడుతుంది. ఊరికే వాడితే నీటితోపాటు పొటాషియం పోయి గుండె లయ తప్పుతుంది.

రెండో మెట్టు మీద నిలబడ్డ అమెరికా అమ్మాయి తారా నాట్‌కు తర్వాత బంగారం వచ్చింది. అసలు వేదికే ఎక్కని నాలుగో స్థానం అమ్మాయి, ఇండోనేషియా శ్రీ ఇంద్రియాని, కంచు పతకానికి అర్హురాలైంది. పతకం తిరిగొచ్చింది, బాగానే ఉంది. కాని పెళ్ళి పీటల మీద కూర్చోవలసిన పిల్లను పందిరి బయట నిలబెట్టి, వారం తర్వాత అక్షింతలు పంపితే ఎలా ఉంటుంది?

మన దేశానికీ మచ్చ పడింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మన లిఫ్టర్లు ఇద్దరు దొరికారు. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ ఆటల్లో మళ్ళీ దొరికారు. దాంతో దేశం జట్టంతటినీ అంతర్జాతీయ పోటీలకు రానివ్వలేదు. 2009లో మరికొందరు దొరికాక, 2010 ఢిల్లీ కామన్వెల్త్ ఆటలకు ముందు మన సంఘం 5 లక్షల డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. మల్లీశ్వరిని చూసి ఇనుప కడ్డీ పట్టుకున్న పల్లెటూరి పిల్లలు ఎంతమందో! వాళ్ళల్లో ఏ తప్పూ చెయ్యనివాళ్ళు కూడా ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. ఒకరు సూది వేసుకుంటే జట్టంతటికీ వాత పడింది.

జిమ్ముకి వెళ్ళే తమ్ముళ్ళకి

ఇప్పుడు చిన్న ఊళ్ళల్లో కూడా జిమ్ములున్నాయి. వ్యాయామం మంచిదే. కాని "మూడు నెలల్లో కండలు" అని ఎవరైనా ఇంజక్షన్ చూపిస్తే, అది మగ హార్మోనును పోలిన స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. బయటినుంచి హార్మోను వస్తుంటే ఒంట్లోని కార్ఖానా మూతపడుతుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గి సంతానానికి ఇబ్బంది కలుగుతుంది, మగవాడికి రొమ్ములు పెరగవచ్చు. రక్తపోటు పెరుగుతుంది, గుండె కండరం మందమవుతుంది, కాలేయం దెబ్బతింటుంది. ఎదిగే వయసులో వాడితే ఎముకల చివర్లు ముందే మూసుకుపోయి పొడవు ఆగిపోతుంది. ఆడపిల్లలకైతే మగ గొంతు వస్తుంది, మందు మానినా ఆ గొంతు పోకపోవచ్చు. ఒకే సూది నలుగురు పంచుకుంటే హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ అదనం.

ఇంకో రకం ఉంది. "ఒళ్ళు రావడానికి" అని దుకాణంలో అడిగి తెచ్చుకునే డెక్సామెథసోన్ లాంటి మాత్రలు. ఉబ్బసానికి, తీవ్రమైన అలర్జీకి మేం లెక్కచూసి ఇచ్చే మందులివి. వీటితో వచ్చేది కండ కాదు, నీరూ కొవ్వూ. ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి. సిగ్గుపడకండి, మేం తిట్టం.

పోటీలకు వెళ్ళేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. జలుబు మాత్రల్లో కూడా నిషేధించిన పదార్థాలుండవచ్చు. డబ్బా మీద రాయని సరుకు కొన్ని పొడుల్లో కలుస్తుంటుంది. "నాకు తెలీదు" అంటే నిషేధం తప్పదు. మందు రాసే డాక్టరుకు ఆటగాణ్ణని ముందే చెప్పండి. నిజంగా జబ్బుండి మందు తప్పనిసరైతే, రాతపూర్వకంగా అనుమతి తీసుకునే మార్గం ఉంది. ఉబ్బసం మందు మానేసి పరిగెత్తకండి.

ఆ కుర్రాడికి ఏం చెప్పాను?

"అవునయ్యా, నీకు నష్టమే" అన్నాను. అబద్ధం చెప్పలేదు. తర్వాత అతని కంటి రెప్ప కిందికి లాగి చూశాను. పాలిపోయి ఉంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 11 గ్రాములు. మగవాడికి కనీసం 13 ఉండాలి. పొలంలో చెప్పుల్లేకుండా తిరుగుతాడు. మలపరీక్షలో కొంకిపురుగులు కనబడ్డాయి. పురుగుల మందు, ఇనుము మాత్రలు ఇచ్చాను. గుడ్డు, పప్పు, వేరుశనగపప్పు, తోటకూర తినమన్నాను. మాత్రలు టీతో కాక నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమన్నాను. చెప్పులు వేసుకోమన్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోమన్నాను. సైకిలు పందెగాళ్ళు దొంగతనంగా కొనుక్కున్న ఎర్రకణాలను, అతనికి న్యాయంగా రావలసినంత మేరకు, మూడు నెలల్లో అతని ఒళ్ళే తయారుచేసుకుంది.

ఆ ఏడు అతను ఎంపిక కాలేదు. వాళ్ళ మందు వల్ల వెనకబడ్డాడో, నిజంగానే వెనకబడ్డాడో అతనికి ఎప్పటికీ తెలియదు. అసలు నష్టం అదేననిపించింది నాకు. ఒక్కడు మందు వేసుకుంటే, ఓడినవాడు తన ఓటమిని నమ్మలేడు. నిజాయితీగా గెలిచినవాడి గెలుపును ఊరు నమ్మదు.

అంచేత తల్లిదండ్రులకు, డ్రిల్లు మాస్టార్లకు, మందుల షాపులవారికి నా మనవి. పిల్లవాడు ఆయాసపడుతుంటే ముందు రక్తపరీక్ష చేయించండి. ఇంజక్షన్ అడిగితే ఇవ్వకండి. ఇచ్చేవాణ్ణి చూసీచూడనట్టు వదలకండి. అది ఇద్దరి జీవితాలకు సంబంధించిన విషయం. ఒకడు వేయించుకున్నవాడు, రెండోవాడు వేయించుకోనివాడు.

మొన్న తెల్లవారుజామున కాలవగట్టు మీద ఆ కుర్రాడు ఎదురయ్యాడు. కాళ్ళకు బూట్లున్నాయి. ఆగి నమస్కారం పెట్టబోతే "ఆగకు, పో" అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.